చండీగఢ్ దర్శనీయ స్థలాలు

చండీగఢ్ శివాలిక్ కొండల పాదప్రాంతంలో, పరిపాలన కోసం ప్రత్యేకంగా నిర్మించబడిన నగరం. ఇది కేంద్రపాలిత ప్రాంతం. పంజాబ్, హర్యానా రాష్ట్రాలకు ఉమ్మడి రాజధాని. ప్రణాళిక ప్రకారం కట్టిన ప్రభుత్వ భవనాలతో పాటు, ఏ ప్రణాళికలోనూ లేని రాక్ గార్డెన్ కూడా ఇక్కడి ముఖ్య దర్శనీయ స్థలం.

నేపథ్యం

1947 దేశవిభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు చెందడంతో భారతదేశంలోని పంజాబ్‌కు కొత్త రాజధాని అవసరమైనది. తొలి ప్రణాళికను అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మేయర్ రూపొందించాడు. 1951 నుండి లే కార్బుజియే నేతృత్వంలో పియరీ జెనరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఆ పనిని కొనసాగించారు. నగరం కోసం పలు గ్రామాలు తొలగించబడినవి. 1953 అక్టోబరు 7న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ నగరాన్ని ప్రారంభించాడు. 1966 నవంబరు 1న హర్యానా ఏర్పడినప్పటి నుండి ఇది రెండు రాష్ట్రాలకూ రాజధానిగా ఉన్నది.

సెక్టార్లు

నగరం సెక్టార్లుగా విభజించబడినది. ఒక్కొక్క సెక్టారు సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు కలిగి, తన దుకాణాలు, పాఠశాల, ఉద్యానవనం తనలోనే ఉండేలా రూపొందించబడినది. ఇళ్ళు సెక్టారు లోపలి వైపుకు తిరిగి ఉండటం వలన ప్రధాన రహదారిపై వెళ్ళేవారికి ఎక్కువగా చెట్లే కనిపిస్తాయి. 17వ సెక్టారు వ్యాపార కేంద్రం.

కాపిటల్ కాంప్లెక్స్

1వ సెక్టారులోని ఈ ప్రాంగణంలో హైకోర్టు, శాసనసభ, సచివాలయం ఉన్నాయి. సచివాలయం పొడవు 254 మీటర్లు. ప్రణాళికలోని గవర్నరు భవనం నిర్మించబడలేదు. నగర చిహ్నమైన 'ఓపెన్ హ్యాండ్' 1985లో, లే కార్బుజియే మరణించిన 20 సంవత్సరాల తరువాత నెలకొల్పబడినది. ఈ ప్రాంగణాన్ని 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కార్యాలయాలు పనిచేసే చోటు కావున సందర్శకులు గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవాలి.

రాక్ గార్డెన్

ఇది కాపిటల్ కాంప్లెక్స్‌కు సమీపంలోనే ఉన్నది. దీని సృష్టికర్త నేక్ చంద్ (1924-2015) విభజన సమయంలో తన ఊరు విడిచి వచ్చినవాడు. ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టరు. తొలగించిన గ్రామాల శిథిలాల నుండి పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, రాళ్ళు సేకరించి, నిర్మాణాలు నిషేధించిన అటవీ స్థలంలో 1957 నుండి రహస్యంగా బొమ్మలు తయారు చేశాడు. 1970లలో ఇది అధికారుల దృష్టికి వచ్చింది. చట్టం ప్రకారం కూల్చివేయవలసినదే అయినా, ప్రజల మద్దతుతో నిలిచి 1976లో సందర్శకులకు తెరవబడినది. నేక్ చంద్‌కు 1984లో పద్మశ్రీ లభించింది.

2025లో హైకోర్టు పార్కింగు, రోడ్డు విస్తరణ కోసం తోట గోడలో కొంత భాగం తొలగించినప్పుడు నగరవాసులు నిరసన తెలిపారు.

సుఖ్నా సరస్సు

వర్షపు నీటి వాగుకు ఆనకట్ట కట్టి 1958లో ఏర్పరచిన కృత్రిమ సరస్సు ఇది. పై రెండు స్థలాలకు దగ్గరలోనే ఉన్నందున మూడింటినీ ఒకే రోజులో చూడవచ్చు.