అంటుమామిడి

వేసవి వచ్చినదనగా కృష్ణాతీరమున మామిడిపండ్ల గంపలు వీధివీధికిని వచ్చును. విజయవాడకు చేరువనున్న నున్న గ్రామమున పెద్ద మామిడి సంత కలదు. నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెము, విస్సన్నపేట ప్రాంతముల తోటలనుండి కాయలను బండ్లకెత్తి అచ్చటికి తెత్తురు. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో చేరినది గాని, రసముల రుచి జిల్లాల హద్దులనెరుగదు. చిన్నరసము, పెద్దరసము, చెరుకురసము, బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ అను పేర్లు వినుటతోడనే నోరూరును. రసము మెత్తగా పిసికి, తొడిమ తీసి, జుర్రుకొనవలసిన పండు. బంగినపల్లి కత్తితో కోసి ముక్కలుగా తినవలసిన పండు. ఈ భేదము ఇచ్చటి పసిపిల్లలకును తెలియును.

అట్టి పండు తిన్నవానికి టెంకను పారవేయ మనసొప్పదు. పెరటిలో బావిగట్టు ప్రక్కను పాతిపెట్టును. తొలకరి జల్లులకు అది మొలచి, రాగివన్నె చిగురాకులతో కన్నులపండువు చేయును. ఇంటివారు ఆరేండ్లు, ఎనిమిదేండ్లు, ఒక్కొక్కప్పుడు పదేండ్లు నీరుపోసి పెంచుదురు. తుదకు కాపు వచ్చును. చూడగా అది చిన్నరసము కాదు. నోరు పులిసిపోవు పీచుకాయ. నేల మంచిది కాదని ఒకరు, నీరు ఉప్పనని ఒకరు, నాటిన గడియ మంచిది కాదని మరియొకరు తలకొక కారణము చెప్పుదురు. నిజమునకు నేలయు, నీరును, గడియయు నిర్దోషములే. కారణము టెంకలోనే ఉన్నది.

మామిడిపూతపై ఈగలు మున్నగు కీటకములు వ్రాలుచుండును. అవి ఒక చెట్టు పుప్పొడిని వేరొక చెట్టు పువ్వునకు చేర్చును. ఆ కలయికవలన పుట్టినది టెంకలోని జీడి. పండులోని కండ తల్లిచెట్టు దేహములోని భాగము. జీడి తల్లిదండ్రులిద్దరి బిడ్డ. తల్లి ఎవరో మనకు తెలియును. తండ్రి ఎదురింటి దొడ్డిలోని పుల్లమామిడి కావచ్చును. ఒక తల్లి బిడ్డలందరును ఒకే రూపున ఉండనట్లు ఒక చెట్టు టెంకలనుండి పుట్టిన చెట్లును ఒకే తీరున కాయవు. మన దేశపు పడమటి తీరమున ఒలూర్ వంటి కొన్ని జాతులు కలవు. వాని టెంకనుండి పెక్కు మొలకలు వచ్చును. వానిలో తల్లి కణములనుండియే పుట్టిన మొలకలు తల్లిని పోలియుండును. మన బంగినపల్లి వంటి మేలుజాతులకు ఆ గుణము లేదు.

దీనినిబట్టి ఒక వింత విషయము తేలుచున్నది. చిన్నరసమని నేడు మనము పిలుచునది మొట్టమొదట ఏదో ఒక దొడ్డిలో అనుకోకుండ మొలచిన ఒకే ఒక చెట్టు. దాని రుచి మెచ్చినవారు దాని కొమ్మలను వేరు మొక్కలకు అతికించిరి. ఆ మొక్కల కొమ్మలను ఇంకొందరు అతికించిరి. బంగినపల్లి సంగతియు ఇంతే. ఇప్పటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేర ప్రసిద్ధికెక్కి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండు ఎచ్చట కాచినను, అది ఆ మూలవృక్షపు కొమ్మకు కాచిన పండే.

ఇట్లు ఒక చెట్టు కొమ్మను వేరొక మొక్కకు అతికించి రెంటిని ఒకటి చేయుటనే అంటు కట్టుట అందురు. వేరు ఒకదానిది, కొమ్మ వేరొకదానిది. పండు మాత్రము ఎల్లప్పుడును కొమ్మ జాతిదే.

అతుకు ఎట్లు పడును? చెట్టు బెరడునకును లోపలి కఱ్ఱకును నడుమ మిక్కిలి పలుచని పచ్చని పొర ఒకటి కలదు. ఇదియే విభాజ్య కణజాలము. చెట్టు ఏటేట లావగుటకు ఈ పొరయే కారణము. దీనిలోని కణములు ఎడతెగక విభజనము పొందుచు లోపలికి కఱ్ఱను, వెలుపలికి బెరడును కట్టుచుండును. రెండు మొక్కలను చెక్కి, ఈ పొరలు ఒకదానికొకటి తగులునట్లు బిగించి కట్టినచో, ఇరువైపుల కణములును పెరిగి గాయమును పూడ్చి ఏకమగును. అప్పుడు వేరు పీల్చిన నీరు కొమ్మకును, ఆకు వండిన ఆహారము వేరునకును ప్రవహించును. పొరలు తగులకున్నను, గాయము ఎండినను, కట్టు వదులైనను అంటు చచ్చును. చాకు పదునుగా ఉండవలెననుటయు, చెక్కిన వెంటనే కట్టవలెననుటయు ఇందులకే.

డెల్టాలో ఏ గట్టున చూచినను కొబ్బరి, తాడి కనబడును. వానికి అంటు కట్టుటకు వీలులేదు. వాని కాండమున పైన చెప్పిన పొర లేదు. అరటియు అట్టిదే, కాని పిలకలు వేయుటచే దానికి అంటుతో పనిలేదు. వేపచెట్టుపై మామిడి అంటు కట్టినారని అప్పుడప్పుడు వినబడు కథలును నమ్మదగినవి కావు. అంటునకు చుట్టరికము కావలెను. మామిడికి మామిడియే తగును. సపోటాకు అదే కుటుంబమునకు చెందిన పాలచెట్టు వేరు నిచ్చును. అడవిరేగుపై మేలు రేగు కన్ను అతుకును. వేరు పండు జాతిని మార్చదు గాని చెట్టునకు బలమును, ఓర్పును ఈయగలదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫ్రాన్సుదేశపు ద్రాక్షతోటలను ఫైలాక్సెరా అను పురుగు వేరుపట్టున తొలిచి పాడుచేసినది. అమెరికా ద్రాక్ష వేళ్లు ఆ పురుగు ధాటికి తట్టుకొనును. ఆ వేళ్లపై తమ తీగలను అంటుకట్టి అచ్చటివారు తోటలను నిలుపుకొనిరి.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. 6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున కొమ్మలకు పేడ పూసి వేరొక చెట్టునకు అతికించు విధమును చెప్పియున్నాడు.

మన తోటమాలులు తరతరములుగా వాడిన పద్ధతి సామీప్యపు అంటు. కుండీలో పెంచిన ఏడాది వయసు టెంకమొక్కను తల్లిచెట్టు చెంతకు తెత్తురు. కొమ్మ ఎత్తుగా నున్నచో మంచె కట్టి కుండీని దానిపై నిలుపుదురు. మొక్కయు కొమ్మయు పెన్సిలంత లావున సమానముగా ఉండవలెను. రెంటిని రెండంగుళముల పొడవున చెక్కి, గాయమునకు గాయము ఆనించి అరటినారతో బిగించి, పైన మట్టియు పేడయు కలిపి మెత్తుదురు. నేడు నారకు బదులు ప్లాస్టిక్ పట్టీలు వాడుచున్నారు. ఇక రెండు మూడు నెలలు ఓపిక పట్టవలెను. కుండీకి నీరు తప్పరాదు. అతుకు పడిన పిమ్మట తల్లికొమ్మను అతుకునకు దిగువను సగము మాత్రము కోయుదురు. వారము పదిదినములు గడచినమీదట పూర్తిగా కోయుదురు. బిడ్డచే మెల్లమెల్లగా పాలు మాన్పించినట్లే ఇదియును. అతుకునకు పైనున్న టెంకమొక్క తలను కూడ తీసివేసినచో అంటుమొక్క సిద్ధమగును.

పెరటిలో చేయదలచినవారికి టెంక అంటు ఇంకను సులభము. మామిడి టెంక ఎక్కువ కాలము నిలువయుండదు. నెలదినములు గడచినకొలది మొలకెత్తు శక్తి క్షీణించును. కావున పండు తిన్న కొలది దినములలోనే ఇసుక కలిపిన మడిలో పాతవలెను. మొలక వచ్చి పది పదునైదు దినములై, కాడ ఇంకను రాగివన్నెతో లేతగా ఉన్నప్పుడే దాని తలను కోసి, కాడను నడిమికి అంగుళమున్నర చీల్చుదురు. కొమ్మపుల్లను మాత్రము ముందుగా సిద్ధపరుపవలెను. మూడు నాలుగు నెలల వయసుగల రెమ్మ నేరి, కోయుటకు వారము పదిదినములకు ముందే దాని ఆకులను కత్తిరించి తొడిమలను నిలుపుదురు. చివరి మొగ్గ ఉబ్బును. అప్పుడు రెమ్మను జానెడు లోపు పొడవున కోసి, మొదలును మేకువలె ఇరువైపుల చెక్కి, చీలికలో దింపి కట్టుదురు. ఆషాఢ శ్రావణములు దీనికి అనువైన మాసములు. గాలిలో తేమ ఉండుటచే పుల్ల ఎండదు. ఎడతెరిపి లేని వాన కురిసినచో కుళ్లును గనుక మొక్కలను పందిరి క్రింద ఉంచుట మేలు.

పెరటిలో ఇదివరకే ఎదిగిన పుల్లమామిడిని నరికివేయనక్కరలేదు. కొమ్మలను కోసి, వచ్చిన క్రొత్త రెమ్మలలో బలమైనవానికి అంటు కట్టినచో అదే చెట్టు రసములు కాయును. ఒక్కొక్క కొమ్మకు ఒక్కొక్క జాతియు కట్టవచ్చును. ఉత్తరప్రదేశములోని మలిహాబాదున కలీముల్లా ఖాన్ ఒకే చెట్టుపై సుమారు 300 రకముల మామిడి పెంచి పేరుపొందెను. 2008లో పద్మశ్రీ పురస్కారమందెను.

డెల్టా నల్లరేగడిలో కాలువ పొంగినప్పుడు నీరు నిలుచును. మామిడి వేరు దానిని సహింపదు. కావున మెరక చేసి నాటవలెను. అతుకు నేలకు పైననే ఉండవలెను. అతుకు క్రిందినుండి చిగురు వచ్చినచో వెంటనే గిల్లివేయవలెను. అది టెంకమొక్క చిగురు, బలమైనది. ఉపేక్షించినచో అదియే చెట్టై, మేలుకొమ్మ మాడిపోవును. పిదప పుల్లకాయ కాచినప్పుడు అంటు జాతి మారినదని జనులు చెప్పుకొందురు. అంటు మారలేదు, చచ్చినది. మొదటి రెండు మూడేండ్ల పూతను మనసు రాయి చేసికొని తుంచివేయుటయు మంచిదే.

తూర్పుగోదావరి జిల్లా కడియము ప్రాంతపు నర్సరీలలో అంటుమొక్కలు కావలసినన్ని దొరకును. కాని అచ్చట దొరకునవి పేరున్న జాతులు మాత్రమే. పల్లెల పెరళ్లలో పేరు లేని చెట్లు పెక్కు కలవు. వానిని ఇంటివారు 'బావికాడి చెట్టు' అనియో, 'అమ్మమ్మ చెట్టు' అనియో పిలుతురు. కొన్నింటి కాయ ఆవకాయకు సాటిలేనిది. కొన్నింటి పండు రసములకు దీటైనది. అట్టి చెట్టు లోకమునకంతకును ఒక్కటియే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనవంటివానికి చెట్లు కూలుచుండును. ఇండ్లు విస్తరించి పెరళ్లు కుదించుకుపోవుటచే గొడ్డలికి ఎరయగునవి ఇంకను కొన్ని. కూలిన చెట్టు టెంకలు ఎన్ని నాటినను ఆ పండు తిరిగి రాదు.

అయితే కూలిన చెట్టు రెమ్మలు ఒకటి రెండు దినములు పచ్చిగానే ఉండును. తలచినవారు అప్పుడే రెమ్మలు కోసి, ఆకులు తీసి, తడిగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితము మూసి నీడను భద్రపరచి, ఆలస్యము లేక అంటు కట్టవలెను. ముందుగా సిద్ధపరచిన పుల్లవలె అన్నియు అతుకవు. పది కట్టినచో రెండు చిగిర్చినను చాలును.