చెవికి చేరకూడని గొంతు

ధర్మపురి పుష్కరస్నానములను టీవీలో చూపునపుడు, హైదరాబాదు స్టూడియోలోని యాంకరు ప్రశ్న వేసిన పిదప రేవులోని రిపోర్టరు క్షణకాలము గ్రుడ్లప్పగించి నిలుచుట యేల, జవాబు తెలియకనా యని యొక పాఠకుడు వ్రాసినాడు. 2015 జులై పుష్కరములలో అందరును చూచినదే. 2027లో మరల చూడనున్నదే. కనుక ఈ ప్రశ్నను విడువ మనసొప్పలేదు.

కెమెరా, మైకు, ఓబీ వ్యాను, దానిపై డిష్: సామగ్రి యింతే. దక్షిణాకాశము వైపు తిరిగిన ఆ డిష్, భూమధ్యరేఖపై 35,786 కిలోమీటర్ల యెత్తున నిశ్చలముగా దోచు ఉపగ్రహమునకు దృశ్యమును పంపగా, అది హైదరాబాదునకు దింపును. కాంతివేగముతో పోయినను ఈ రాకపోకలకు పావు సెకను పట్టును. చిత్రమును కుదించి విప్పుటకు మరికొంత. రిపోర్టరు గ్రుడ్లప్పగించి నిలుచుట ఈ ఆలస్యము వలననే గాని జవాబు తెలియక కాదు. ఈ కక్ష్యలో ప్రసారకేంద్రములను 1945లో ఊహించిన ఆర్థర్ క్లార్క్, అచ్చట మనుష్యులు కాపురముండి యంత్రములను నడుపుదురని తలచెను! రెండేండ్లకే పుట్టిన ట్రాన్సిస్టరు ఆ కాపురమునకు అవసరము లేకుండ జేసినది.

నన్ను మోహింపజేయునది మాత్రము రిపోర్టరు చెవిలోని ఇయర్‌ఫోను. స్టూడియో శబ్దమంతయు యథాతథముగా అందులోనికి పంపినచో, అతని మాటయే ఉపగ్రహమును చుట్టివచ్చి ఆలస్యముగా అతనికే వినబడును. అట్లు వినబడిన ఎంతటి వాగ్ధాటి గలవాడైనను అక్షరములను సాగదీయుచు నత్తివానివలె తడబడునని 1950లో బెర్నార్డ్ లీ ప్రకటించెను. చెవి నోటికి కావలివాడు. వాని కేక ఆలస్యమైన నోరు త్రోవ తప్పును. సిగ్గరి రిపోర్టరని మనము నవ్వుకొన్నవారిలో కొందరు ఈ ప్రతిధ్వని బాధితులే కావచ్చును. అందుచే సౌండు ఇంజనీరు మొత్తము శబ్దమునుండి ఆ రిపోర్టరు గొంతును మాత్రము తీసివేసి, తక్కినది అతనికి పంపును. దీనినే మిక్స్ మైనస్ అందురు. బాసర, ధర్మపురి, కాళేశ్వరముల నుండి ముగ్గురు ఒకేమారు మాటాడుచున్నచో మూడు వేర్వేరు తీసివేతలు కావలయును: ధర్మపురివాడు తక్కిన యిద్దరిని వినవలెను, తన్ను వినరాదు. ఒక్క మీట తప్పిన ప్రసారము రసాభాస!

నేడు అనేక సిమ్ములుగల పరికరమును సంచిలో వీపున వైచుకొని, దృశ్యమును ముక్కలుచేసి పలు నెట్‌వర్కులపై పంపుచున్నారు. వెనుకబడిన ముక్కకై ఆగవలసి యుండుటచే అందును ఆలస్యము తప్పదు. జనసమ్మర్దమున టవర్లు క్రిక్కిరిసినపుడు మరియు కష్టము.

ఇంతటి యంత్రాంగమును నడిపి, మునిగి లేచిన భక్తుని “ఎట్లనిపిస్తున్నది?” అని అడుగుట నాకు నచ్చదు. ఏ రేవున రద్దీ యెంత, నీటిమట్ట మెంత యని చెప్పిననే అది సార్థకము.