గాజు పాత్రల కొవ్వొత్తులు: నునుపైన పైభాగానికి చల్లార్చే విధానమే కీలకం

గ్రామీణ మహిళా స్వయం సహాయక సంఘాలు తక్కువ పెట్టుబడితో చేపట్టగల ఉపాధి మార్గాలలో కొవ్వొత్తుల తయారీ ఒకటి. తేనెటీగల పెంపకందారులు తేనెతోపాటు లభించే మైనానికి విలువ జోడించుకునే అవకాశం కూడా ఇందులో ఉంది. అయితే గాజు పాత్రలో పోసిన కొవ్వొత్తిలో కొనుగోలుదారు మొదట చూసేది పైభాగాన్నే. అక్కడ గుంటలు, పగుళ్లు ఉంటే సరుకు అమ్ముడుపోదు. మళ్ళీ కరిగిస్తే ఇంధనం, శ్రమ, సువాసన తైలం వృథా అవుతాయి.

లోపాలకు కారణం

ద్రవస్థితి నుంచి ఘనస్థితికి మారేటప్పుడు మైనం కుంచించుకుపోతుంది. గాజు గోడల వెంట, పైభాగాన ముందుగా గట్టిపడి, ఒత్తి చుట్టూ ఉన్న మధ్యభాగం చివరగా గట్టిపడుతుంది. అప్పుడు పైపొర కిందికి కుంగి గుంట ఏర్పడుతుంది. పైపొర గట్టిగా ఉంటే గుంట కనిపించదు. లోపల బోలుగా మిగిలిపోతుంది. అటువంటి కొవ్వొత్తి సమంగా వెలగదు.

మైనాన్ని బట్టి యాజమాన్యం

పారఫిన్ మైనం: ఇది ఎక్కువగా కుంచించుకుపోతుంది. మొదటిసారి పోసేటప్పుడు కొంత మైనం మిగుల్చుకోవాలి. పైపొర గట్టిపడుతుండగా ఒత్తి చుట్టూ సన్నని పుల్లతో రంధ్రాలు చేసి, లోపలి ఖాళీలను తెరవాలి. మిగిల్చిన మైనాన్ని మొదటిసారి కంటే సుమారు 5 డిగ్రీలు ఎక్కువ వేడితో పలుచగా పోస్తే రెండు పొరలు అతుక్కుంటాయి.

సోయా మైనం: ఇది హైడ్రోజనీకరించిన సోయా నూనె. కుంచించుకుపోవడం తక్కువే గాని, స్ఫటికాలు అసమంగా ఏర్పడితే పైభాగం గరుకుగా మారి, తెల్లని పూత వస్తుంది. గట్టిపడే స్థాయికి కొద్ది డిగ్రీల ఎగువన, నెమ్మదిగా కలుపుతూ పోయడం సాధారణంగా మేలు.

తేనెమైనం: 62-64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. త్వరగా చల్లారితే పగుళ్లిచ్చి గాజు నుంచి విడిపోతుంది. కొంత కొబ్బరినూనె కలిపితే మెత్తబడుతుంది.

ఏ మైనానికైనా పాత్రలను తుడిచి, గోరువెచ్చగా చేసి, ఎడంగా అమర్చాలి. ఫ్యాను గాలి, రిఫ్రిజిరేటర్ పనికిరావు. మండు వేసవిలో ఉదయం పూట పోయడం మంచిది. మైనాన్ని నేరుగా మంటపై కాక, వేడినీటి పాత్రలో ఉంచి కరిగించాలి. మైనం అంటుకుంటే నీరు పోయరాదు, మూతపెట్టి ఆర్పాలి.

శిక్షణలో పాటించవలసినవి

అన్ని మైనాలకూ ఒకే ఉష్ణోగ్రతను సిఫారసు చేయడం సరికాదు. ఒకే మైనం, ఒకే రకం పాత్ర, ఒకే గదిలో 55, 60, 65 డిగ్రీల వద్ద సోయా మైనాన్ని పోసి చూపే ప్రదర్శన అభ్యాసకులకు ఎక్కువగా ఉపకరిస్తుంది. పోసిన వేడి, గది ఉష్ణోగ్రత, ఫలితాలను పుస్తకంలో నమోదు చేయించాలి. ఒకరోజు తరువాత ఒకదానిని నిలువుగా కోసి లోపలి బోలును, మరొకదానిని వెలిగించి ఆర్పి పైభాగాన్ని పరిశీలించాలి.

హీట్ గన్‌తో పైపొరను కరిగిస్తే నునుపు వస్తుంది గాని, లోపలి బోలు పూడదు. ఒకసారి వెలిగించిన తరువాత సోయా మైనం తిరిగి గరుకు తేలవచ్చు. అందువల్ల మెరుగులు దిద్దడం కన్నా థర్మామీటరు వాడకం, నెమ్మదిగా చల్లార్చడం ముందుగా అలవాటు చేయడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.