చక్రం తిరుగుతున్నా బండి కదలదేం?

ఉకాయ్ జలాశయం పైన కొండదారిలో వానాకాలం తీసిన వీడియో ఒకటి, తరగతి అయ్యాక మా విద్యార్థి చూపించాడు. పాత జీపు. వెనక ఎడమ చక్రం నల్లరేగడి బురదలో గిర్రున తిరుగుతోంది. గట్టి రాతి మీదున్న కుడి చక్రం మాత్రం అంగుళం కదలడం లేదు. "సార్, ఇంజను బలం అంత ఉంది కదా, రాతి మీదున్న చక్రానికి ఎందుకు అందలేదు?" అని అడిగాడు. సూరత్ లింబాయత్‌లో వాళ్ళ నాన్న మగ్గాల మెకానిక్కు. యంత్రం ఆగితే కారణం దొరికేదాకా వదలకపోవడం ఆ ఇంటి అలవాటు.

కారణం వెనక యాక్సిల్ నడుమ ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప గుండులో ఉంది. దాని పేరు డిఫరెన్షియల్. బండి మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్ళాలి. రెండు చక్రాల మధ్య మీటరున్నర దూరం ఉంటే, ఒక పూర్తి చుట్టులో బయటి చక్రం దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే! రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే టైర్లు నేలను గీరుకుపోతాయి. అందుకే ఇరుసును మధ్యకు కోసి, రెండు కొనలకూ ఒక్కో పళ్ళచక్రం తొడిగి, వాటి నడుమ స్టార్ పినియన్లు అనే చిన్న పళ్ళచక్రాలు పెట్టారు. ఇంజను తిప్పేది ఈ పినియన్లను మోసే గూడును. నేరుగా పోయేటప్పుడు పినియన్లు తమ చుట్టూ తాము తిరగవు, గూడుతోపాటు కదిలి రెండు వైపులనూ సమంగా లాక్కుపోతాయి. మలుపులో మాత్రం మెల్లగా పొర్లి, ఒక చక్రం నుంచి తగ్గించిన వేగాన్ని రెండో చక్రానికి కలుపుతాయి.

ప్రతి పినియనూ ఒక కావడి బద్ద. భుజం ఇంజనుది, రెండు కొనల బరువు రెండు చక్రాలది. వేగాలు ఎలా మారినా రెండు కొనలకూ అందే బలం సమానమే. ఒక కొన నుంచి కుండ తీసేస్తే రెండో కుండను భుజం లేపలేదు కదా, కొండ మీద జరిగేది అదే. బురదలోని చక్రం 100 న్యూటన్ మీటర్లకు మించి పట్టు చూపలేకపోతే, రాతి మీద చక్రానికీ అందేది ఆ 100 మాత్రమే. ఆ రాయి 1500 కోరినా ఇవ్వడానికి దారి లేదు. ఫోర్ బై ఫోర్ ఉంటే చాలనుకునేవాళ్ళకు ఇది చెప్పాలి: ముందు యాక్సిల్‌లోనూ ఇదే కావడి ఉంది. ఎగుడుదిగుడు రాళ్ళ మీద ముందు ఒక చక్రం, దానికి ఐమూలగా వెనక ఒక చక్రం గాలిలోకి లేస్తే, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కూడా అక్కడే నిలబడిపోతుంది.

ఈ అమరిక రోడ్డు మీదికి రాకముందే నూలు మిల్లులో పని చేసిందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. స్పీడ్ ఫ్రేమ్ అనే యంత్రంలో రోలర్లు రోవింగ్‌ను, అంటే ఇంకా నూలుగా వడకని పత్తి తాడును, ఒకే వేగంతో వదులుతాయి. కాని చుట్టుకునేకొద్దీ బాబిన్ లావెక్కుతుంది. దాని వేగం పొరపొరకూ కొద్దికొద్దిగా మారకపోతే రోవింగ్ తెగుతుంది, లేదా వదులవుతుంది. హెన్రీ హోల్డ్స్‌వర్త్ 1826లో దీనికి డిఫరెన్షియల్ వాడాడు: ప్రధాన షాఫ్టు నుంచి మారని వేగం, కోన్ డ్రమ్ముల నుంచి మారే వేగం, రెండూ పినియన్ల దగ్గర కలిసి బాబిన్‌కు చేరతాయి. మిల్లులో రెండు వేగాలు ఒకటయ్యాయి. బండిలో ఒకటి రెండుగా చీలింది. పళ్ళచక్రాలు అవే. పారిస్‌లో గడియారాలు చేసే పెకర్ ఇంచుమించు అదే కాలంలో ఆవిరి బండికి పేటెంటు తీసుకున్నాడు. స్వయంగా నడిచే నూలు యంత్రాన్ని రూపొందించిన మాంచెస్టర్ వాసి రిచర్డ్ రాబర్ట్స్ 1832లో రోడ్డు బండి కోసం తీసుకున్నాడు. ఆపైన మూడు చక్రాల సైకిలు, ఆపైన కారు.

కావడిని మొరాయించకుండా చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండు ఇరుసులనూ కలిపి బిగించడం. రెండు, ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు వేసి లేని పట్టును కల్పించడం. ఆ బ్రేకు ఎంత అడ్డుకుంటే రెండో చక్రానికి అంత అదనపు బలం. దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవరుకు ఈ రెండూ కొత్త కాదు. మడమ కింద డిఫరెన్షియల్ లాక్ పెడల్, కుడికీ ఎడమకీ విడివిడి బ్రేకులు ఏనాటి నుంచో ఉన్నాయి. ఇప్పుడు ఆ రెండు దారులూ కొండ మీదికెక్కాయి. మారుతి జిమ్నీ సెన్సర్లతో బ్రేకు వేస్తుంది. మహీంద్రా థార్ వెనక యాక్సిల్‌లో ఈటన్ కంపెనీ యాంత్రిక తాళం వచ్చింది.

నా మనసు ఆ తాళం మీదే. దానికి మీట లేదు, తీగ లేదు, కంప్యూటర్ లేదు. గుండులోపల ఒక చిన్న గవర్నర్, దానికి రెండు బరువులు. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి 100 చుట్లు దాటితే బరువులు విచ్చుకుని, పక్కనే ఉన్న కొక్కేన్ని పట్టుకుంటాయి. గవర్నర్ ఆగుతుంది. దానితో పళ్ళు కలిపి ఉన్న క్యామ్ పళ్ళెమూ ఆగుతుంది. పక్క పళ్ళచక్రం మాత్రం తిరగబోయి, పళ్ళెం మీది ఏటవాలు ఎక్కుతుంది, ఎక్కుతూ క్లచ్ బిళ్ళలను నొక్కుతుంది. ఎంత తిరగబోతే అంత బిగువు. క్షణంలో రెండు ఇరుసులూ ఒకటైపోతాయి. తన జారుడు వేగంతోనే చక్రం తన జారుడును ఆపుకుంటుంది! రోడ్డు మీద వేగంగా పోతుండగా తాళం పడితే ప్రమాదం కాబట్టి, దాదాపు 30 కిలోమీటర్ల వేగం దాటగానే మరో బరువు ఆ కొక్కేన్ని బరువులకు అందకుండా పక్కకు లాగేస్తుంది. దిగాక అన్‌లాక్ చేయడం మరచిపోయే చింత లేదు.

కాబట్టి ఈ తాళమున్న బండ్లను నడిపేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. చక్రం తిరగగానే భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే తేడా 100 చుట్లు దాటదు, తాళం పడదు. స్థిరంగా నొక్కి ఉంచితే 'టక్' మని వినిపిస్తుంది, బండి మెల్లగా పైకి పాకుతుంది. మరీ గట్టిగా తొక్కడమూ తప్పే. ఊరికే తిరిగే చక్రం బాటను గుంతలు చేస్తుంది, తర్వాతి వాన ఆ గుంతల వెంట మట్టిని జలాశయంలోకి దింపుతుంది. తాళం పడిన బండి నేలను తక్కువ తవ్వుతుంది. ఉకాయ్ చుట్టూ టేకు అడవులు అటవీ శాఖవి. ఉన్న బాట వదలడం, అనుమతి లేకుండా లోపలికి పోవడం ఎంత మంచి బండికీ తగదు.

మిగతా చరిత్ర చకచకా సాగిపోతోంది. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో తాళం విద్యుత్తుది. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లున్న విద్యుత్ బండ్లు విదేశాల్లో అమ్ముతున్నారు. వాటిలో చక్రాల మధ్య వేగాన్ని పంచే పళ్ళచక్రమే లేదు, పంపకమంతా కంప్యూటరుది. కొత్త స్పీడ్ ఫ్రేముల్లోనూ రోవింగ్‌కు పురి పెట్టే ఫ్లయరుకూ బాబిన్‌కూ విడివిడి మోటార్లు వచ్చి, కోన్ డ్రమ్ములతోపాటు డిఫరెన్షియల్‌నూ బయటికి పంపేశాయి.