చిన్న ఊరి జట్టు.. చెప్పిన రెండు కథలు

ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘మీకు తగిలిన పెద్ద ఎదురుదెబ్బ ఏంటి? దాన్నుంచి ఎలా బయటపడ్డారు?’ మనలో చాలామంది ఏదో సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయిందనీ, తర్వాత కష్టపడి పాసయ్యామనీ చెప్పి ఊపిరి పీల్చుకుంటాం. తప్పేం కాదు. కానీ దెబ్బ తగిలాక ఒక బృందం ఎలా నిలబడుతుంది? గెలిచినంత మాత్రాన గాయం మానిపోతుందా? ఇవి తెలుసుకోవాలంటే కెనడాలోని ఓ చిన్న ఊరి కుర్రాళ్ల జట్టు గురించి చదవండి. ఆట మనకు కొత్తదే. ఆ కుర్రాళ్ల వయసు మాత్రం మీదే.

ఊరి పేరు స్విఫ్ట్ కరెంట్. సస్కచెవాన్ రాష్ట్రంలో గోధుమ పొలాల మధ్య ఉంటుంది. జనాభా 16 వేల పైచిలుకు. మన దగ్గరైతే ఓ పెద్ద మండల కేంద్రమంత. జట్టు పేరు బ్రాంకోస్. ఆడేది వెస్టర్న్ హాకీ లీగ్‌లో. కెనడా పశ్చిమ రాష్ట్రాలతో పాటు అమెరికాలోని వాషింగ్టన్, ఓరెగాన్ జట్లు కూడా ఈ లీగ్‌లో ఉన్నాయి. పెద్ద పెద్ద నగరాల జట్లతో ఈ ఊరు పోటీ పడుతోంది. లీగ్ మొత్తంలో అతి చిన్న ఊరు ఇదే.

హాస్టల్ కాదు.. ఊరి ఇళ్లే!

జూనియర్ ఐస్ హాకీ అంటే ఎక్కువగా 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్ల ఆట. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లకు హాస్టళ్లు ఉండవు. ఊళ్లోని కుటుంబాలే తమ ఇళ్లలో ఉంచుకుని వండిపెడతాయి. పగలు చదువు, సాయంత్రం ప్రాక్టీసు, మ్యాచ్ ఉంటే రాత్రంతా బస్సు ప్రయాణం. రెజైనాకు వెళ్లాలన్నా సుమారు 240 కిలోమీటర్లు. ఒక్కముక్కలో చెప్పాలంటే వాళ్ల జీవితం సగం రింక్‌లో, సగం బస్సులో.

బ్రాంకోస్ 1967లో మొదలైంది. తొలినాళ్ల ఆటగాళ్లలో బ్రయన్ ట్రాటియే ఒకరు. అదే ప్రాంతంలోని వాల్ మరీ అనే పల్లె నుంచి వచ్చారు. మొదట్లో ఇంటిమీద బెంగతో ఆట మానేద్దామనుకున్నారు. తోటి ఆటగాడు టైగర్ విలియమ్స్ నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చారు. ఆ ట్రాటియే తర్వాత ప్రపంచంలోనే పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాడిగా 6 స్టాన్లీ కప్‌లు గెలిచారు. కోచింగ్ కోసం హైదరాబాద్, విజయవాడ వెళ్లి మొదటి నెలలోనే బ్యాగు సర్దుకున్నవాళ్లకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఆ రోజు ‘ఇంకొన్నాళ్లు చూడరా’ అనే స్నేహితుడు ఉండటం చిన్న విషయం కాదు.

1974లో జట్టు లెత్‌బ్రిడ్జ్ నగరానికి తరలిపోయింది. చిన్న ఊరు కదా, ఖర్చులు గిట్టుబాటు కావడం కష్టం. అయినా ఊరి జనం మర్చిపోలేదు. పట్టుబట్టి 1986లో జట్టును తిరిగి తెచ్చుకున్నారు. ఈసారి యజమాని ఎవరో కోటీశ్వరుడు కాదు. జట్టు ఊరి జనం సొంతం. 12 ఏళ్ల తర్వాత రింక్ మళ్లీ నిండింది.

1986 డిసెంబరు 30

తిరిగొచ్చిన తర్వాత అదే మొదటి సీజన్. రెజైనాలో మ్యాచ్ కోసం జట్టు బస్సెక్కింది. ఊరు దాటిన కాసేపటికే, రోడ్డుమీద కంటికి కనపడని మంచు పొరపై బస్సు జారి పక్కకు పడిపోయింది. వెనక సీట్ల దగ్గర పేకాడుకుంటున్న నలుగురు చనిపోయారు. ట్రెంట్ క్రెస్సీ, స్కాట్ క్రూగర్, క్రిస్ మాంటికా, బ్రెంట్ రఫ్. అందరిలో చిన్నవాడు బ్రెంట్‌కు 16 ఏళ్లు.

సంస్మరణ సభ వాళ్లు ఆడిన రింక్‌లోనే జరిగింది. ఆ సీజన్ అక్కడితో ఆపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ జట్టు మళ్లీ ఆడాలనే నిర్ణయించుకుంది. నాలుగు ఆకుల గుర్తులో ఆ నలుగురి జెర్సీ నంబర్లు 8, 9, 11, 22 వేసి జెర్సీలపై కుట్టించుకున్నారు. అదే సీజన్‌లో ప్లేఆఫ్స్‌కు కూడా చేరారు. ఆ బస్సులోంచి బయటపడ్డవాళ్లలో జో సాకిక్ ఒకరు. తర్వాత కొలరాడో కెప్టెన్‌గా 1996, 2001లలో స్టాన్లీ కప్ అందుకున్న సాకిక్ ఆయనే. లీగ్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి ఇప్పుడు ఆ నలుగురి జ్ఞాపకంగా ‘ఫోర్ బ్రాంకోస్’ అనే పేరుంది.

రెండున్నరేళ్లు గడిచాయి. 1989 ప్లేఆఫ్స్‌లో బ్రాంకోస్ ఆడిన 12 మ్యాచ్‌లూ గెలిచింది. తర్వాత కెనడా జూనియర్ హాకీలో అన్నిటికన్నా పెద్దదైన మెమోరియల్ కప్. ఫైనల్ సస్కటూన్‌లో, ప్రత్యర్థి ఆ నగరం జట్టే. స్కోరు 3-3. అదనపు సమయంలో టిమ్ టిస్‌డేల్ గోల్ కొట్టారు. 4-3తో కప్పు చిన్న ఊరికి వచ్చింది. ఆ జట్టులో ప్రమాదం నాటి బస్సులో ఉన్నవాళ్లున్నారు. చనిపోయిన స్కాట్ తమ్ముళ్లు ఇద్దరూ ఉన్నారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. పడలేదు.

కప్పు కింద దాగిన కథ

ఆ జట్టు కోచ్ గ్రహమ్ జేమ్స్. ఆ ఏడాది ఓ హాకీ పత్రిక ఆయన్ని మేటి వ్యక్తిగా ఎంపిక చేసింది. ఊళ్లో ఎంతో గౌరవం. అయితే ఏడేళ్ల తర్వాత, 1996లో షెల్డన్ కెనెడీ అనే ఆటగాడు పోలీసుల దగ్గరికి వెళ్లారు. అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతున్నారు. తాను కుర్రాడిగా ఉన్నప్పుడు కోచ్ ఏళ్ల తరబడి లైంగికంగా వేధించాడని చెప్పారు. 1997లో జేమ్స్ నేరం ఒప్పుకొన్నాడు. మూడున్నరేళ్ల జైలు పడింది. తర్వాత మరికొందరు మాజీ ఆటగాళ్లు ముందుకొచ్చారు, మళ్లీ శిక్షలు పడ్డాయి.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు? మీరే ఆలోచించండి. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో కోచ్ చేతిలో ఉంది. కెరియర్ ఆయన సిఫారసు మీద ఆధారపడి ఉంది. ఊరంతా ఆయన్ని పొగుడుతోంది. చెబితే నమ్మేదెవరు? ప్రమాదం తర్వాత కూడా తమకు సరైన కౌన్సెలింగ్ అందలేదని ఆ కుర్రాళ్లే పెద్దయ్యాక చెప్పారు. ‘గెలుస్తున్నారుగా, బాగానే ఉన్నట్టే’ అని అందరూ అనుకున్నారు.

కెనెడీ అక్కడితో ఆగలేదు. 1998లో రోలర్ స్కేట్లపై కెనడా ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి బాధిత పిల్లల కోసం నిధులు సేకరించారు. 2004లో మరొకరితో కలిసి ‘రెస్పెక్ట్ గ్రూప్’ ప్రారంభించారు. వేధింపులను ఎలా గుర్తించాలో, చూసినప్పుడు ఏం చేయాలో కోచ్‌లకూ తల్లిదండ్రులకూ ఉద్యోగులకూ ఆ సంస్థ శిక్షణ ఇస్తోంది.

మీకేంటి ఇందులో?

ప్లాన్-బి ముందే ఉండాలి: జూనియర్ హాకీలో ఆడేవాళ్లందరూ ఎన్‌హెచ్‌ఎల్‌కు చేరరు. అత్యధికులు చేరరు. అందుకే ఈ లీగ్ 1993 నుంచి స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఒక సీజన్ ఆడితే ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు లీగ్‌దే. మీరు గ్రూప్స్‌కో సివిల్స్‌కో సిద్ధమవుతుంటే ఇదే లెక్క వేసుకోండి. ఒక్కో ఏడాది ప్రిపరేషన్‌తో పాటు మీ చేతికి ఇంకేం మిగులుతోంది? ఓ సర్టిఫికెట్, ఓ నైపుణ్యం, పార్ట్‌టైమ్ అనుభవం.. ఏదో ఒకటి మిగలాలి.

కల మారితే జీవితం ఆగిపోదు: ప్రమాదం నుంచి బయటపడ్డ పీటర్ సోబర్‌లాక్‌ను 1987లో ఎడ్మంటన్ ఆయిలర్స్ తొలి రౌండ్‌లోనే ఎంచుకుంది. కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆట వదిలి చదువుకున్నారు. కామ్‌లూప్స్‌లోని యూనివర్సిటీలో అధ్యాపకుడై క్రీడా మనస్తత్వశాస్త్రం బోధించారు. తాను పడ్డదాన్నే పాఠంగా మార్చుకున్నారు. సెలక్షన్ లిస్టులో పేరు లేకపోవడం ఒక దారి మూసుకోవడం మాత్రమే.

ఫలితాలు బాగుంటే అంతా బాగున్నట్టు కాదు: చేరబోయే కంపెనీ ప్యాకేజీ, పేరు చూస్తారు సరే. అక్కడ ఫిర్యాదు చేస్తే వినేవాళ్లున్నారా? మన దగ్గర 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇంటర్న్‌లకూ ఇది వర్తిస్తుంది. కాలేజీల్లో అబ్బాయిలు సహా విద్యార్థులందరికీ యూజీసీ 2015 నిబంధనల రక్షణ ఉంది. చేరిన తొలివారంలోనే కమిటీలో ఎవరున్నారో తెలుసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

మౌనంగా ఉన్నవాణ్ని పలకరించండి: ట్రాటియేను ఆపింది ఓ తోటి ఆటగాడు. రూమ్మేట్ నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదంటే ‘ఏంట్రా, ఏమైంది’ అని ఒక్కమాట అడగండి. సలహాలు తర్వాత, ముందు వినండి.

మళ్లీ అదే పేరు

2018 ఏప్రిల్ 6. అదే రాష్ట్రంలో హంబోల్ట్ అనే మరో చిన్న ఊరి జూనియర్ జట్టు బస్సు ప్రమాదానికి గురైంది. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. ఆ జట్టు పేరు కూడా బ్రాంకోసే. కొద్దిరోజుల్లోనే షెల్డన్ కెనెడీ, మరికొందరు స్విఫ్ట్ కరెంట్ మాజీ ఆటగాళ్లు హంబోల్ట్ చేరుకున్నారు. 1986లో తమకు దొరకని తోడును ఆ కుర్రాళ్లకు అందించడానికి వెళ్లారు. ఆ మరుసటి నెలలోనే స్విఫ్ట్ కరెంట్ 25 ఏళ్ల తర్వాత మళ్లీ లీగ్ విజేత అయ్యింది.

ఈసారి ఇంటర్వ్యూలో ఎదురుదెబ్బ గురించి అడిగితే, ఎలా గెలిచారో ఒక్కటే చెప్పి ఆగకండి. ఆ సమయంలో మీ పక్కన ఎవరు నిలబడ్డారు, ఆ తర్వాత మీరు ఎవరి పక్కన నిలబడ్డారు.. అదీ చెప్పండి. చెప్పడానికి ఏమీ లేదనిపిస్తే, మొదలుపెట్టడానికి మీ హాస్టల్ గది చాలు.