నమూనా యుద్ధనౌకలో నీటికాలువ

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1970వ దశకం చివర ఒక విచిత్రమైన జలక్రీడ రూపుదిద్దుకొంది. ఇరవయ్యో శతాబ్ది తొలి సగానికి చెందిన యుద్ధనౌకల నమూనాలను 1:144 నిష్పత్తిలో నిర్మించి, రేడియో సంకేతాలతో చెరువులో నడిపి, వాయుపీడనంతో చిన్న ఉక్కుగుండ్లు పేల్చి, ఒకదానినొకటి ముంచుకోవడమే ఈ క్రీడ. 270 మీటర్ల అయోవా తరగతి నౌక ఈ నిష్పత్తిలో 1.88 మీటర్లవుతుంది. బరువు మాత్రం నిష్పత్తి ఘనాన్ని అనుసరించి సుమారు 30 లక్షల రెట్లు తగ్గుతుంది. కనుక 57,000 టన్నుల నౌకకు నమూనా 19 కిలోలు మాత్రమే తూగుతుంది.

పలుచని బాల్సా కర్రతో చేసిన పక్కగోడలకు గుండ్లు తగిలి చిల్లులు పడతాయి. లోపలికి వచ్చే నీటిని తోడడానికి చిన్న విద్యుత్ పంపు ఉంటుంది. కాని పలుచగా పరచుకొన్న నీరు పంపుకు అందదు. 150 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల అడుగుభాగంలో ఒక లీటరు నీరు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే నిలుస్తుంది. ఇరుపక్కలా పూడ్చి, నడుమ 4 సెంటీమీటర్ల కాలువ వదిలితే అదే నీరు 16 మిల్లీమీటర్లకు పైగా నిలుస్తుంది. చేనంతా పారే నీటిని బోదెలోకి మళ్ళించే రైతు ఉపాయమే ఇది.

కాలువ వల్ల మరొక మేలు కూడా ఉంది. నౌక ఒరిగినప్పుడు లోపలి నీరు అటే పరుగెత్తి దానిని మరింత ఒరగజేస్తుంది. ఈ ప్రభావం నీటితలం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు అయిదో వంతయితే ప్రభావం 125వ వంతవుతుంది. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గె రేవు వద్ద హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ నౌక ముందు తలుపులు మూయకుండానే బయలుదేరింది. వాహనాల అంతస్తులో నీరు పారాడి నౌక ఒరిగిపోగా 193 మంది మరణించారు. ఆటబొమ్మకూ, మహానౌకకూ సూత్రం ఒక్కటే.

ఇక, పూడ్చడానికి ఏ పదార్థం తగినది? బాల్సా తేలిక, లీటరు పరిమాణం సుమారు 160 గ్రాములు. అయితే నీటిని పీల్చుకొంటుంది కనుక ఎపాక్సీ పూత తప్పనిసరి. మూసిన గదుల నిర్మాణం గల పాలీస్టైరిన్ ఫోమ్ ఇంకా తేలిక. లీటరు 30 గ్రాములకు అటూఇటూగా తూగుతుంది, నీటిని దాదాపు పీల్చదు. దానిపై పాలిస్టర్ రెసిన్ పూస్తే మాత్రం అందులోని స్టైరిన్ ఫోమ్‌ను కరిగించివేస్తుంది; ఎపాక్సీతో ఆ ప్రమాదం లేదు. రెండు ద్రావకాలు కలిపి పోసే పాలీయురిథేన్ నురగ మూలమూలలకూ చేరుతుంది కాని, ఒకేసారి ఎక్కువగా పోస్తే ఉబ్బి గోడలను వంచుతుంది. అంతా ఎపాక్సీతోనే నింపితే లీటరుకు కిలోకు పైగా బరువు పెరుగుతుంది. పెద్ద మొత్తంలో గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అది పగలవచ్చు కూడా.

తేలిక పదార్థాన్ని అడుగున నింపినప్పుడు సీసపు బరువును దానికంటే దిగువన అమర్చడం క్షేమం. లేకుంటే నీరు నిండిన వేళ నౌక తలకిందులు కావచ్చు. కాలువ నౌకను అజేయం చేయదు. చిల్లులు పెరిగి నీరు గట్లు దాటినప్పుడు ఆ రక్షణ అంతటితో ముగుస్తుంది. అంతవరకు పంపుకు పని కల్పించి, నౌకను నిటారుగా నిలపడమే దాని ధర్మం.