వానపాములు దిగిన అడవి

అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలోని షుగర్ మేపుల్ అడవి. పైన నిరుడు రాలిన ఆకులు, వాటి కింద అంతకుముందటివి, ఇంకా కింద నల్లగా నుసి అయిపోతున్నవి. ఏళ్లతరబడి పేరుకున్న ఆ పరుపు మీద అడుగేస్తే కాలు కుంగుతుంది. గుప్పెడు తీసి తెల్లకాగితం మీద విదిలించండి, చుక్కలు కదులుతాయి. చూస్తుండగానే ఒక చుక్క మాయం! అది స్ప్రింగ్‌టెయిల్. నిలువెల్లా ఒకటి రెండు మిల్లీమీటర్లు. పొట్ట కింద మడిచి బిగించుకున్న పంగను ఠక్కున వదిలి ఎగిరిపోయింది. పక్కనే గోధుమరంగు పెంకుతో ఒరిబాటిడ్ మైటు తాపీగా నడుస్తోంది. దాని జాతిలో కొన్నిటికి చల్లటి నేలల్లో గుడ్డు నుంచి ఎదిగి పెద్దవడానికే ఏడాదికి పైగా పడుతుంది.

ఈ అడవి వానపాముల్లేకుండా పెరిగింది. ఈ నేలను కప్పిన మంచుయుగపు మంచు కరిగి 10 వేల ఏళ్లు దాటినా అమెరికా దక్షిణాన ఉన్న వానపాములు ఇంత దూరం చేరుకోలేదు. ఆకులను కుళ్లబెట్టే పని శిలీంధ్రాలు, మైట్లు నింపాదిగా చేసుకుంటూ వచ్చాయి. తర్వాత యూరప్ నుంచి మనుషులు వలస వచ్చారు. వారి మొక్కల వేళ్ల మట్టిలో, ఓడల్లో బరువు కోసం నింపిన మట్టిలో వానపాములూ దిగాయి. సొంతంగా పాకితే వాటి వ్యాప్తి ఏడాదికి ఏ 5, 10 మీటర్లో. చేపలు పట్టేవాళ్ల ఎర డబ్బాలో అయితే పొద్దున బయల్దేరి సాయంత్రానికి వేరే అడవి.

ఇక అక్కడ విందే. పైపైన తిరిగే జాతులు ఆకుల పొరను తినేస్తాయి, లోతున ఉండే నైట్‌క్రాలర్లు రాత్రిళ్లు ఆకులను బొరియల్లోకి లాక్కుపోతాయి. కొన్నేళ్లకు పరుపు పోయి ఉత్త నల్లమట్టి తేలుతుంది. నైట్‌క్రాలర్ బొరియ మూతి దగ్గర పోగుపడే చెత్తలో చిన్నజీవులు గుమిగూడే మాట నిజమే. కానీ ఆ కుప్పలు అడవి మొత్తానికి సరిపోవు. ఆకుల మధ్య సందుల్లో బతికే మైట్లు, స్ప్రింగ్‌టెయిళ్లు సంఖ్యలోనూ రకాల్లోనూ తగ్గిపోతాయి. నిదానంగా సంతతి పెంచుకునే మైట్లు మళ్లీ పుంజుకోవడం కష్టం.

ఆ చిన్నవాటిని తిని బతికే ఎర్రవీపు సాలమాండర్ అనే ఉభయచరానికి ఊపిరితిత్తులు లేవు, తడిచర్మంతోనే ఊపిరి. దానికి తిండీ తేమా రెండూ ఆకుల కిందే దొరకాలి. వానపాములు చొరబడి ఆకుపొర పలచబడ్డ న్యూయార్క్, పెన్సిల్వేనియా అడవుల్లో ఈ సాలమాండర్లూ తగ్గాయి.

డార్విన్ 1881లో వానపాములను మెచ్చుకుంటూ ఓ పుస్తకమే రాశాడు. ఆయన చూసింది ఇంగ్లండు నేలలను. మన దగ్గర వర్మీ కంపోస్టు చేసే రైతుకూ వానపాము నేస్తమే. ఆ మెప్పును మేపుల్ అడవికీ అంటగడితేనే పొరపాటు.

ఒకసారి అడవిలో పాతుకున్న వానపాములను ఏరిపారేసే ఉపాయం ఇంతవరకూ లేదు. అందుకే అక్కడి సరస్సుల దగ్గర చేపలు పట్టేవాళ్లకు చెప్పే మాట ఒక్కటే: మిగిలిన ఎరను ఒడ్డున పారబోయకండి, చెత్తబుట్టలో వేయండి.